గేదె తీగ మింగితే స్కానింగ్‌లో కనిపిస్తుందా?

క్లుప్తంగా: పశువు మింగిన మేకు, తీగ, ప్లాస్టిక్ సంచి లాంటివి పొట్ట స్కానింగ్‌లో (అల్ట్రాసౌండ్) సాధారణంగా కనిపించవు. అవి లోపల చేసిన నష్టం మాత్రం కనిపిస్తుంది. కదలిక తగ్గిన పొట్ట, చేరిన నీరు, చీము గడ్డలు, అతుక్కుపోయిన పొరలు, ఛాతీలోకి జారిన భాగం తెరమీద బయటపడతాయి. ఆపరేషన్ చెయ్యాలా, మందులతో చూడాలా, లేక చెయ్యి దాటిపోయిందా అన్నది తేల్చుకోవడానికి కావలసింది ఆ సమాచారమే.

గేదె మూడు రోజులుగా మేత ముట్టడం లేదు. పాలు సగానికి పడిపోయాయి. నెమరు లేదు. పేడ కొంచెం కొంచెంగా, నల్లగా, జిగురుగా వేస్తోంది. కడుపు ఒకరోజు ఉబ్బుతుంది, మందు పోస్తే తగ్గుతుంది, రెండు రోజులకు మళ్ళీ ఉబ్బుతుంది. పాడి ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి కేసు ఒకటి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఇవే లక్షణాలు మామూలు అజీర్ణంలోనూ ఉంటాయి, పేగు మెలిపడినప్పుడూ ఉంటాయి, గుండె పక్కకు తీగ గుచ్చుకున్నప్పుడూ ఉంటాయి. మొదటిది రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మూడోది ప్రాణం తీస్తుంది. నోరు లేని జీవం కాబట్టి ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పదు.

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 62 లక్షలు, తెలంగాణలో సుమారు 42 లక్షల గేదెలు ఉన్నాయి. మంచి ముర్రా గేదె ధర లక్ష దాటిన కాలంలో, దానికి ఏమైందో తేల్చుకోలేక వారం రోజులు జీర్ణం మందులు పోస్తూ కూర్చోవడం చిన్న నష్టం కాదు. అందుకే స్కానింగ్ మాట ఇప్పుడు పాడి రైతుల నోట తరచుగా వినిపిస్తోంది. దానితోపాటు ఒక అపోహ కూడా తిరుగుతోంది. స్కాన్ తీస్తే లోపల ఉన్న మేకు ఫొటోలా కనిపిస్తుందని చాలామంది అనుకుంటున్నారు. కనిపించకపోతే "లోపల ఏమీ లేదు" అని ధీమాపడుతున్నారు. ఈ రెండో మాట మరీ ప్రమాదకరం.

అంత పెద్ద పొట్టలో ఒక చిన్న అర

నెమరువేసే పశువు పొట్టలో నాలుగు అరలుంటాయి. అన్నిటికన్నా పెద్దది రూమెన్. పెద్ద పశువులో దీనిలో వంద లీటర్లకు పైగా పడుతుంది, కడుపు ఎడమ వైపంతా దాదాపు ఇదే ఆక్రమిస్తుంది. దాని ముందు, తేనెపట్టులాంటి గోడలతో, చాలా చిన్నగా ఉండేది రెటిక్యులం. తరవాత ఆకులు ఆకులుగా ఉండే ఒమేసం, చివర మన కడుపులా ఆమ్లం ఊరే అబోమేసం.

తీగ కథంతా రెటిక్యులంలోనే జరుగుతుంది. పశువు మేతను మనలా ఏరుకుని తినదు. నాలుకతో లాక్కుని, సగం నమిలి మింగేస్తుంది, తీరిగ్గా నెమరువేస్తుంది. ఎండుగడ్డిలో కలిసిన కట్టుతీగ ముక్క, చొప్పలో పడ్డ మేకు, గోతాలు కుట్టిన సూది, ఇల్లు కడుతున్నచోట ఊడ్చిపోసిన చెత్తలోని ఇనుము అన్నీ అలాగే లోపలికి వెళ్ళిపోతాయి. బరువైనవి రెటిక్యులం అడుక్కు చేరి తేనెపట్టు గదుల్లో చిక్కుకుంటాయి. కొన్ని ఏళ్ళ తరబడి ఏ హానీ చెయ్యకుండా అక్కడే పడి ఉంటాయి కూడా.

మొన తేలినవాటితోనే ప్రమాదం. రెటిక్యులం సుమారు నిమిషానికి ఒకసారి గట్టిగా ముడుచుకుంటుంది. ఆ ముడుపుకి తీగ గోడలోకి దిగుతుంది. గోడ అవతల ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండర పొర డయాఫ్రమ్, దాని అవతల కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే గుండె. చూడి చివరి నెలల్లో గర్భసంచి బరువు ముందుకు నెట్టినప్పుడు, ఈనేటప్పుడు ముక్కినప్పుడు ఈ పోటు ఇంకా పెరుగుతుంది. అందుకే ఈనడానికి అటూ ఇటూ కేసులు బయటపడటం డాక్టర్లకు కొత్త కాదు.

శబ్దం ఎక్కడ ఆగిపోతుంది

స్కానింగ్ యంత్రం పంపేది మన చెవికి వినపడని శబ్దం. చర్మానికి ఆనించే ప్రోబ్ అనే పరికరం నుంచి బయల్దేరిన తరంగం ఒంట్లో ఒక కణజాలం నుంచి ఇంకోదానిలోకి మారే ప్రతిచోటా కొంత వెనక్కి తిరుగుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వని ఎంత సేపటికి, ఎంత బలంగా వచ్చిందో లెక్కగట్టి యంత్రం బొమ్మ గీస్తుంది. నీరు నల్లగా, కార్జం లాంటి కండ బూడిద రంగులో, గట్టి ఉపరితలాలు తెల్లగా కనిపిస్తాయి.

గాలి దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. కండకూ గాలికీ మధ్య తేడా ఎంత ఎక్కువంటే, శబ్దం దాదాపు మొత్తం ఆ గీత దగ్గరే వెనక్కి తిరుగుతుంది. దాని వెనక ఏముందో యంత్రానికి తెలియదు. ఎముక దగ్గరా దాదాపు ఇంతే. నెమరువేసే పశువు పొట్ట అంటే గ్యాస్ తయారయ్యే పీపా. రెటిక్యులంలో ఉన్న మేతలోనూ గ్యాస్ బుడగలు కలిసే ఉంటాయి. కాబట్టి ప్రోబ్‌కి రెటిక్యులం గోడ చక్కగా కనిపిస్తుంది కానీ గోడ లోపల పడి ఉన్న తీగ కనిపించదు. తీగ కనిపించలేదంటే తీగ లేదని అర్థం కాదు, శబ్దం అక్కడిదాకా వెళ్ళలేదని అర్థం.

శబ్దం ఎంత లోతుకు వెళ్తుందన్నది ప్రోబ్‌ను బట్టి ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తక్కువైతే లోతుగా వెళ్తుంది, బొమ్మ కాస్త మొరటుగా వస్తుంది. ఎక్కువైతే బొమ్మ స్పష్టంగా వస్తుంది కానీ లోతుకు పోదు. పెద్ద పశువు పొట్టకు సాధారణంగా 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే, ముందుభాగం వంపుగా ఉండే కాన్వెక్స్ ప్రోబ్ వాడతారు.

తెర మీద నాలుగు నిమిషాలు

పశువును ట్రెవిస్‌లో, అంటే కదలకుండా పట్టి ఉంచే చట్రంలో, నిలబెడతారు. ముందుకాళ్ళ వెనక, రొమ్ము ఎముక దగ్గర నుంచి పక్కటెముకల మీదుగా వెంట్రుకలు గొరిగి, జెల్ బాగా పట్టిస్తారు. గేదె తోలు దళసరి, దానికి తోడు బురద పట్టి ఉంటుంది. శుభ్రంగా కడగకుండా, గొరగకుండా ప్రోబ్ పెడితే తెర మీద బూడిద మసక తప్ప ఏమీ రాదు. ప్రోబ్‌ను కింది నుంచి, 5 నుంచి 7 పక్కటెముకల సందుల్లో రెండు వైపులా ఆనిస్తారు.

ఆరోగ్యంగా ఉన్న పశువులో మొదట కనిపించేది డయాఫ్రమ్ వెనక నున్నగా వంగిన తెల్లని గీత. అదే రెటిక్యులం గోడ, అర్ధచంద్రాకారంలో ఉంటుంది. కాసేపు అది కదలదు. తరవాత ఆ వంపు పైకి జరుగుతుంది, ప్రోబ్ నుంచి దూరమవుతుంది, సగం దూరం వెళ్ళి కొంచెం వెనక్కి వస్తుంది. పూర్తిగా వదులవకముందే రెండోసారి, ఈసారి చాలా బలంగా ముడుచుకుని తెర మీంచి మాయమవుతుంది. రెండు మూడు సెకన్లలో మళ్ళీ వచ్చి మొదటి చోట ఆనుతుంది. ఇది ఒక ముడుపు, రెండు అంచెల్లో జరుగుతుంది. పశువు నెమరువేస్తూ ఉంటే దీనికి ముందు ఇంకొక అదనపు ముడుపు వస్తుంది, మేతను నోటికి ఎగదోసేది అదే.

డాక్టర్ వాచీ చూసుకుని నాలుగు నిమిషాలు లెక్కపెడతారు. నాలుగు ముడుపులకు అటూ ఇటూగా వస్తే రెటిక్యులం సరిగ్గా పనిచేస్తున్నట్టే. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో ఉయెలి బ్రౌన్ బృందం 1990ల మొదట్లో ఆవుల మీద ఈ పద్ధతిని క్రమబద్ధం చేసింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న కొలతలకు చాలావరకు పునాది ఆ పనే.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త ఉంది. గింజుకుంటున్న పశువును నెమ్మదింపజేయడానికి జైలజీన్ ఇంజెక్షన్ ఇవ్వడం మామూలే. ఆ మందు రెటిక్యులం కదలికను కూడా మందగింపజేస్తుంది. అది ఇచ్చి స్కాన్ చేస్తే, జబ్బు లేని పశువుకు కూడా జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. అందుకే ఈ పరీక్ష మత్తు లేకుండానే, నిలబెట్టి చేస్తారు.

తీగ గుచ్చుకుంటే బొమ్మ ఎలా మారుతుంది

మొదట తగ్గేది కదలిక. నాలుగు నిమిషాల్లో నాలుగుసార్లు రావలసిన ముడుపు రెండుసార్లే వస్తుంది, లేదా వచ్చినా పూర్తిగా రాదు, రెండు అంచెల తేడా చెరిగిపోతుంది. గోడ నున్నటి గీతలా కాకుండా గరుకుగా, ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. రెటిక్యులానికీ డయాఫ్రమ్‌కీ మధ్య తెల్లటి పొరలు పేరుకుంటాయి. వాపు వచ్చినచోట రక్తంలోంచి ఊరి గడ్డకట్టే ఫైబ్రిన్ అది. ఆ పొరల మధ్య నల్లగా నీటి గుంటలు ఉంటాయి. గోడ పక్కన గుండ్రంగా, చుట్టూ మందమైన తొడుగుతో, లోపల బూడిద రంగు ద్రవంతో ఏదైనా కనిపిస్తే అది చీము గడ్డ అయ్యుండే అవకాశం ఎక్కువ. అప్పుడు తెర మీద చూస్తూనే సూదితో కొంచెం ద్రవం లాగి చీమేనా కాదా తేల్చుకోవచ్చు. గుడ్డిగా సూది గుచ్చడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

అదే ప్రోబ్‌ను ఒకటి రెండు పక్కటెముకల సందులు ముందుకు జరిపితే గుండె కనిపిస్తుంది. తీగ అక్కడిదాకా వెళ్ళి ఉంటే గుండె చుట్టూ సంచిలో నీరో చీమో నిండి, అందులో ఫైబ్రిన్ దారాలు నాచులా ఊగుతూ ఉంటాయి. బయట గంగడోలులో నీరు దిగడం, మెడ నరం తాడులా ఉబ్బడం ఈ దశలోనే కనిపిస్తాయి. గుండె సంచిలో చీము పట్టాక బతికే పశువులు చాలా తక్కువ. అప్పుడు స్కాన్ వల్ల వచ్చే లాభం వేరు. ఫలితం ఇవ్వని ఆపరేషన్, వారాల తరబడి యాంటీబయాటిక్ ఖర్చు, వాటితోపాటు పశువుకు పొడిగించిన బాధ తప్పుతాయి. రైతుకు వినడానికి కష్టమైన మాటే, కానీ ఆ మాట పదో రోజు కన్నా మూడో రోజు తెలియడం నయం.

మార్పులు రెటిక్యులం చుట్టూనే ఆగి ఉంటే కథ వేరు. రూమెన్ కోసి చేతితో తీగ తీసెయ్యడం, లేదా నోటి ద్వారా అయస్కాంతం వేసి, యాంటీబయాటిక్ ఇచ్చి, పశువును కదలకుండా కట్టి ఉంచడం లాంటి దారులు తెరిచే ఉంటాయి. ఏది ఎంచుకోవాలన్నది తెర మీద కనిపించిన విస్తృతిని బట్టి, పశువు చూడి ఎన్నో నెలలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది.

ఛాతీలోకి జారే పొట్ట

డయాఫ్రమ్ చిరిగి పొట్ట ఛాతీలోకి జారే జబ్బు ఆవుల్లో కన్నా గేదెల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. గేదె డయాఫ్రమ్ ఆవుదానంత గట్టిది కాదన్నది దీనికి చెప్పే కారణాల్లో ముఖ్యమైనది. తీగ గుచ్చి ఆ పొరను బలహీనపరిస్తే, చూడి బరువు, ఈనేటప్పటి ఒత్తిడి తోడై అది చిరుగుతుంది. చిరుగులోంచి రెటిక్యులం ఛాతీలోకి జారి, ఎక్కువగా కుడివైపున, గుండె పక్కన కూర్చుంటుంది.

పైకి కనిపించే లక్షణం మళ్ళీ మళ్ళీ వచ్చే కడుపుబ్బరం. మందు పోస్తే తగ్గినట్టే ఉంటుంది, తిరిగి వస్తుంది. పేడ జిగటగా, తక్కువగా పడుతుంది. కొన్ని పళ్ళు కొరుకుతూ ఉంటాయి. పదిహేను ఇరవై రోజులు ఇలా సాగాక గానీ అనుమానం రాని కేసులు ఎక్కువ. ఇదే అసలు ఆందోళన కలిగించే విషయం, ఎందుకంటే స్కానింగ్ బాగా రాణించేది ఇక్కడే. 4, 5 పక్కటెముకల సందుల్లో, మామూలుగా గుండె, ఊపిరితిత్తి మాత్రమే ఉండవలసినచోట, ముడుచుకుంటూ వదులవుతున్న రెటిక్యులం గోడ కనిపిస్తే సందేహానికి తావు తక్కువ. కొన్ని బొమ్మల్లో ఒకే తెర మీద ఒక పక్క గుండె కొట్టుకుంటూ, ఇంకో పక్క పొట్ట ముడుచుకుంటూ కనిపిస్తాయి.

చికిత్స పెద్ద ఆపరేషనే. ముందు రూమెన్ తెరిచి మేతంతా ఖాళీ చేసి, ఉన్న ఇనుము తీసి, పొట్ట బరువు తగ్గించి, ఆ తరవాత డయాఫ్రమ్ చిరుగును కుడతారు. స్కాన్ చెయ్యకుండా మొదటి ఆపరేషన్‌లోనే చెయ్యి పెట్టి చూసి పసిగట్టగలిగిన సర్జన్లు ఉన్నారు. ముందే తెలిస్తే ఏర్పాట్లు అన్నీ ఉన్న ఆసుపత్రికి నేరుగా పంపవచ్చు, అదీ తేడా.

పేగులు, అబోమేసం, కార్జం

ఒక పేగు ముక్క ఇంకో ముక్కలోకి చొచ్చుకుపోతే దారి మూసుకుపోతుంది. పేడ ఆగి, బదులుగా రక్తం కలిసిన చీమిడి లాంటిది పడుతుంది. మలద్వారంలోంచి చెయ్యి పెట్టి చూస్తే కొన్నిసార్లు అందుతుంది, చాలాసార్లు అందదు. స్కాన్‌లో కుడివైపు నుంచి చూస్తే అడ్డంకికి ముందున్న పేగులు ద్రవంతో ఉబ్బి, కదలిక లేకుండా వరసగా కనిపిస్తాయి. చొచ్చుకున్న చోటు అడ్డకోతలో ఒకదానిలో ఒకటి ఉన్న వలయాల్లా ఉంటుంది. ఆ వలయాలు ప్రతిసారీ దొరకవు. ఉబ్బి కదలని పేగులు మాత్రం కనిపిస్తే అడ్డంకి ఉందనే అనుమానం బలపడుతుంది, ఆపరేషన్ ఆలస్యం చెయ్యకూడదు.

అబోమేసం ఎడమవైపుకు జారడం ఎక్కువ పాలిచ్చే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుల సమస్య, ఈనిన మొదటి నెలలో వస్తుంది. గేదెల్లో అరుదు. స్టెతస్కోప్ పెట్టి పక్కటెముకల మీద తట్టినప్పుడు వచ్చే లోహపు శబ్దంతోనే చాలావరకు తెలిసిపోతుంది. ఆ శబ్దం స్పష్టంగా లేనప్పుడు చివరి మూడు పక్కటెముకల సందుల్లో స్కాన్ పెడితే రూమెన్‌కీ పక్కటెముకలకీ మధ్య ఇరుక్కున్న అబోమేసం, పైన గ్యాస్, కింద ద్రవంతో కనిపిస్తుంది.

కార్జం చూడటానికి స్కానింగ్‌కు మించిన తేలిక పద్ధతి లేదు. కుడి పక్కటెముకల కింద గ్యాస్ అడ్డం ఉండదు కాబట్టి చీము గడ్డలు, కొవ్వు పట్టడం, కార్జపు జలగల వల్ల మందమైన పైత్యనాళాలు తెలుస్తాయి. ఇక్కడ పొరపాటు పడే చోటు ఒకటుంది. పిత్తాశయం బాగా ఉబ్బి కనిపిస్తే వెంటనే కార్జం జబ్బు అని రాసెయ్యకూడదు. నాలుగు రోజులుగా మేత తినని ఏ పశువులోనైనా పైత్యం ఖాళీ కాక అది ఉబ్బుతుంది.

ప్లాస్టిక్ దగ్గర చేతులెత్తేస్తుంది

పట్టణాల్లో వీధుల్లో తిరిగే ఆవుల రూమెన్‌లో కిలోలకొద్దీ ప్లాస్టిక్ ముద్దకట్టి ఉండటం కొత్త వార్త కాదు. పుట్టపర్తి కేంద్రంగా పనిచేసే కరుణ సొసైటీ 2012లో ప్లాస్టిక్ సంచుల మీద సుప్రీంకోర్టుకు వెళ్ళడానికి కారణం ఆవుల పొట్టల్లోంచి తీసిన ఆ ముద్దలే. ఈ ముద్దను స్కాన్‌తో పట్టుకోవచ్చా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. నమ్మకంగా పట్టుకోలేం. రూమెన్ పైభాగమంతా గ్యాస్, దాని కింద తేలే గడ్డి చాప. ప్రోబ్‌కి గోడ, దాని వెనక ఒకదాని కింద ఒకటిగా గ్యాస్ వల్ల వచ్చే నకిలీ గీతలు తప్ప ఇంకేమీ కనిపించవు. ప్లాస్టిక్ ఉన్న రూమెన్, మంచి మేత ఉన్న రూమెన్ తెర మీద చాలావరకు ఒకేలా ఉంటాయి. ఇలాంటి కేసుల్లో పశువు ఎక్కడ మేస్తుందన్న చరిత్ర, ఎడమ డొక్కను పిడికిలితో నొక్కి చూడటం, చివరికి రూమెన్ తెరిచి చూడటమే దారి. స్కాన్ ఇక్కడ చేసే సాయం ఒకటే, తీగ వల్ల వచ్చే వాపు కూడా తోడై ఉందా లేదా అన్నది చెప్పడం.

ఎక్స్‌రే, మెటల్ డిటెక్టర్‌తో పోలిస్తే

ఇనుము కనిపించాలంటే ఎక్స్‌రే కావాలి. తీగ పొడవు, వంపు, గోడ దాటిందా అన్నది అందులో తెలుస్తుంది. కానీ పెద్ద గేదె ఛాతీ గుండా కిరణం దూసుకెళ్ళాలంటే చాలా శక్తివంతమైన యంత్రం కావాలి, అది ఉండేది పెద్ద ఆసుపత్రుల్లోనే. మెటల్ డిటెక్టర్ లోపల లోహం ఉందని చెబుతుంది. అది గుచ్చుకుందా, ఊరికే పడి ఉందా చెప్పదు. ఆరోగ్యంగా ఉన్న పశువుల్లోనూ లోహం ఉంటుంది కాబట్టి దాని మాట ఒక్కటే పట్టుకుని కోస్తే అనవసరపు ఆపరేషన్ అవుతుంది. ఎక్స్‌రే వస్తువును చూపిస్తుంది, స్కాన్ వాపునూ కదలికనూ చూపిస్తుంది. రెండూ ఉన్నచోట రెండూ చేస్తారు. ఒక్కటే దొరికితే, తరవాత ఏం చెయ్యాలో చెప్పేది ఎక్కువసార్లు స్కానే.

చూడి చూసే యంత్రం సరిపోతుందా

కొన్ని పశువైద్యశాలల్లో చూడి పరీక్షకు వాడే స్కానర్ ఉంటుంది. దాని ప్రోబ్ తిన్నగా, సన్నగా, చేత్తో మలద్వారంలోంచి లోపలికి తీసుకెళ్ళేలా ఉంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీది కాబట్టి లోతు తక్కువ. బయటి నుంచి రొమ్ము దగ్గర ఆనిస్తే, సన్నగా ఉన్న పశువులో రెటిక్యులం గోడ కదలికను కొంతవరకు చూడవచ్చు. చీము గడ్డ లోతుగా ఉంటే, పశువు బాగా బలిసి ఉంటే అది చాలదు. చాలా యంత్రాలకు కాన్వెక్స్ ప్రోబ్ విడిగా తగిలించుకోవచ్చు, అసలు కొరత ఎక్కువగా అక్కడే ఉంది. దానికన్నా పెద్ద కొరత చూసే కన్ను. రెటిక్యులం ముడుపును నకిలీ గీతల నుంచి విడదీసి చూడటం పుస్తకంతో రాదు, పదుల సంఖ్యలో మంచి పశువులను చూశాకే జబ్బు పశువు తేడా తెలుస్తుంది. ప్రస్తుతానికి పొట్ట స్కానింగ్ కోసం రైతులు ఎక్కువగా ఆశ్రయించేది తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ లాంటిచోట్ల ఉన్న వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులనే.

అంత దూరం తీసుకెళ్ళడం దానికదే ఒక నిర్ణయం. గంగడోలులో నీరు దిగిన పశువును లారీ ఎక్కిస్తే దారిలోనే ప్రాణం పోవచ్చు. కాబట్టి బయల్దేరే ముందు స్థానిక డాక్టర్‌తో గుండె చప్పుడు వినిపించుకోవాలి. వెళ్ళాక అక్కడ అడిగే ప్రశ్నలకు జవాబులు సిద్ధంగా ఉంటే స్కాన్ ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టర్‌కు తెలుస్తుంది. ఈని ఎన్ని రోజులైంది, చూడి అయితే ఎన్నో నెల, మేత ఏ రోజు మానేసింది, పేడ చివరిసారి ఎప్పుడు ఎలా పడింది, కడుపు ఎన్నిసార్లు ఉబ్బింది, దొడ్డి పక్కన ఈమధ్య ఇల్లు గానీ కంచె గానీ కట్టారా, ఇప్పటిదాకా ఏయే ఇంజెక్షన్లు పడ్డాయి. ఖాళీ సీసాలు సంచిలో వేసుకెళ్తే ఇంకా మంచిది, మత్తుమందు ఏదైనా పడి ఉంటే ఆ నాలుగు నిమిషాల లెక్కను మరుసటి రోజుకు వాయిదా వేస్తారు.